నీలి హెల్మెట్ పెట్టుకోబోయే మన పిల్లలకు, అక్కడ వానలు ఆగకముందే

కార్తీకంలో స్వర్ణముఖి పారుతుంటే మనకు వానాకాలం. దక్షిణ సూడాన్‌లో సరిగ్గా అప్పుడే వానలు ఆగుతాయి. అంతదాకా నల్లరేగడి బురదలో లారీ చక్రం కదలదు, తుపాకీ ముఠాలకూ అదే కష్టం. నేల ఎండగానే దారులు తెరుచుకుంటాయి, పశువుల మందలు కదులుతాయి, వాటి వెంట తుపాకులూ కదులుతాయి. అక్కడి ఐక్యరాజ్యసమితి శాంతిసేనకు ఆర్డరు అందుకుని, కొండకెళ్లి తలనీలాలిచ్చి బయల్దేరబోతున్న తిరుపతి, చిత్తూరు పిల్లల కోసం ఇది రాస్తున్నా. మిలిటరీలో నా సర్వీసు అయిపోయింది గానీ మీ మీద బెంగ పోలేదు.

తెల్ల బండి మీద 'యూఎన్' అని రాసుంటే ఎవరూ కాల్చరన్న నమ్మకాన్ని ముందు మనసులోంచి తీసేయండి నాయనా. ఆ జెండా దానంతటదే కాపాడే రోజులు పోయాయని బ్రెజిల్ లెఫ్టినెంట్ జనరల్ శాంతోస్ క్రూజ్ 2017లో సమితికిచ్చిన నివేదికలో మొహమాటం లేకుండా రాశారు. 2013 నుంచి అప్పటిదాకా దాడుల్లో 195 మంది శాంతిసేనవాళ్లు పోయారు. అంతకుముందు ఏ అయిదేళ్లలోనూ అంతమంది పోలేదు. వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. 2013 ఏప్రిల్ 9న దక్షిణ సూడాన్‌లోనే గుమురుక్ దగ్గర కాన్వాయ్‌కి కాపలాగా వెళ్లిన అయిదుగురు భారత జవాన్లు మాటు దాడిలో ప్రాణాలు వదిలారు. అదే ఏడాది డిసెంబరు 19న అకోబో క్యాంపు మీద మూక విరుచుకుపడినప్పుడు ఇద్దరు. ప్రాణభయంతో క్యాంపులో తలదాచుకున్న జనాన్ని చంపడానికి వచ్చిన మూక అది.

అందుకే కాన్వాయ్ గురించే ఎక్కువ చెబుతా. రోజూ ఒకే వేళకు ఒకే దారిన పోవద్దు. నీళ్ల ట్యాంకరు ఏడింటికి వెళ్తుందని ఊరంతటికీ తెలిస్తే, తెలియకూడని వాడికీ తెలిసినట్టే. ఉక్కగా ఉందని బులెట్‌ప్రూఫ్ జాకెట్ విప్పి సీటు వెనక వేయొద్దు. ఆ ఎండలో అదెంత బరువో నాకు తెలుసు, అయినా చెబుతున్నా. రేడియో సెట్‌లో బయల్దేరే ముందు మాట్లాడి చూడండి, దారి మధ్యలోనూ చూడండి. వాగు దాటే చోట, చెట్టు అడ్డం పడిన చోట బండ్లన్నీ ఒకదాని తోక ఒకటి పట్టుకుని ఆగకూడదు. సంత రోజున ఆడవాళ్లు, పిల్లలు కనబడలేదంటే ఆ ఊరికి ఏదో ముందే తెలిసిపోయింది, అక్కడే ఆగండి. దుభాషి ముఖం మారినా అంతే, ఏమైందో అడగండి. అతణ్ణి రోజూ పలకరిస్తూ ఉంటేనే ఆ రోజు నిజం చెబుతాడు.

ఆత్మరక్షణకూ, అప్పగించిన పని కాపాడటానికీ బలం వాడే హక్కు సమితి నియమాల్లోనే ఉంది. కాల్పుల నియమాల్లో అర్థంకాని వాక్యం ఏదున్నా ఢిల్లీ శిక్షణలోనే అడిగి తేల్చుకోండి. సెంట్రీ పోస్టులో నిలబడ్డాక అనుమానం రాకూడదు.

గాయమైతే లెక్క 10-1-2. పది నిమిషాల్లో రక్తం ఆపాలి, గంటలోపు డాక్టరు చేతిలో పడాలి, రెండు గంటల్లోపు ఆపరేషన్. హెలికాప్టరు రావడం మీ చేతిలో లేదు, మొదటి పది నిమిషాలు మీ చేతిలోనే ఉన్నాయి. రక్తం ఆగేలా బిగించే పట్టీ, టూర్నికెట్‌ను చీకట్లో, ఒంటిచేత్తో, మీ కాలికి మీరే బిగించుకోవడం రావాలి. సెక్షన్‌లో అందరూ దాన్ని ఒకే జేబులో పెట్టుకోండి, పక్కవాడు వెతుక్కోకుండా.

దాడి జరిగాక కింద పడ్డ ఖాళీ తూటా గొట్టాలు ఏరొద్దు. శాంతి సైనికులను చంపినవాళ్లకు శిక్ష పడాలని 2021 ఆగస్టులో మన దేశం అధ్యక్షత వహిస్తుండగా భద్రతామండలి 2589వ తీర్మానం చేసింది. శిక్ష పడాలంటే సాక్ష్యం మిగలాలి.

ఇంట్లోవాళ్లకు ఒక మాట. కొడుకు పంపిన క్యాంపు ఫొటో, సెలవు తేదీ వాట్సాప్ స్టేటస్‌లో పెట్టకండమ్మా. రెండు రోజులు ఫోను రాకపోతే టవర్ లేదనుకోండి. కోడలి పేరు పార్ట్ టూ ఆర్డరులో (పెళ్లి, పిల్లల వివరాలు ఎక్కే మిలిటరీ రికార్డు), నామినీ కాగితాల్లో ఎక్కిందో లేదో వాడు వెళ్లకముందే చూసుకోండి. చిత్తూరు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ఫోన్ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి.

ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు పడాలి. శాంతిసేనలో దాడుల కన్నా జబ్బులు, ప్రమాదాలే కలిసి ఎక్కువమందిని తీసుకున్నాయి. కాబట్టి దోమతెర, మలేరియా మాత్ర మానొద్దు. మెఫ్లోక్విన్ అయినా డాక్సీసైక్లిన్ అయినా తిరిగొచ్చాక ఇంకో నాలుగు వారాలు మింగాలి. ఊరొచ్చాక జ్వరం తగిలితే ఆ రోజే వెళ్లండి. తిరుపతి రుయా ఆసుపత్రి అయినా స్విమ్స్ అయినా డాక్టరుతో మీ మొదటి మాట "ఆఫ్రికా నుంచి వచ్చాను సార్, మలేరియా పరీక్ష చేయండి" అని ఉండాలి.