తుపానుకు ముందు వంటింట్లో

అక్టోబరు వచ్చిందంటే విశాఖలో అందరి చూపూ ఆకాశం మీదే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటినప్పుడు మా వంటింటి కిటికీ అద్దం పగిలి, పొయ్యి మీది పప్పుగిన్నెలో పడింది. పొద్దున కలిపి మూత పెట్టిన చింతపండు పులిహోరతోనే ఆ రోజు గడిచింది. ఆ తరువాత రోజుల తరబడి కరెంటు లేదు. ఫ్రిజ్‌లోనే ఉంది కదా అని మూడో రోజు తిన్న కూరతో మా అబ్బాయికి విరేచనాలు పట్టుకున్నాయి. గాలివాన కంటే ఆ రాత్రికే నేను ఎక్కువ భయపడ్డాను.

అందుకే హెచ్చరిక రాగానే బజారుకు పరుగెత్తకండి, ముందు ఫ్రిజ్ ఖాళీ చేయండి. పాలు, మాంసం, చేపలు ఆ రోజే వండి తినేయండి. తలుపు తెరవకపోతే కరెంటు పోయాక ఫ్రిజ్‌లో చల్లదనం దాదాపు నాలుగు గంటలు ఉంటుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ రెండు రోజుల వరకు ఆగుతుంది. కానాగంత చేపల విషయంలో మరీ జాగ్రత్త. చల్లదనం తప్పితే వాటిలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది. ఎంత ఉడికించినా అది పోదు.

నీళ్లు బిందెల్లో పట్టి మూతలు పెట్టండి. తుపాను తరువాత కుళాయి నీటిని తెర్ల కాగనిచ్చి, ఒక నిమిషం అలాగే మరగనివ్వాలి. చద్దన్నం నాకూ ఇష్టమే, కానీ నీటి మీద నమ్మకం లేని రోజుల్లో వద్దు. అన్నం ఏ పూటకు ఆ పూట, సరిపడినంతే వండండి. వండినది ఏదైనా రెండు గంటలకు మించి బయట ఉంచకండి. పులుపు, నూనె పడిన పులిహోర కాస్త ఎక్కువ నిలుస్తుంది, అయినా మర్నాటికి దాచవద్దు. కొబ్బరి పచ్చడికి బదులు కందిపొడి, కరివేపాకు పొడి ముందే కొట్టి పెట్టుకోండి.

గ్యాసు పొదుపు కావాలంటే కందిపప్పు కంటే పెసరపప్పు మేలు, త్వరగా ఉడుకుతుంది. మా ఇంట్లో ఆ రోజుల్లో పెసరకట్టే సూపు. అరగ్లాసు పప్పును కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, నాలుగు గ్లాసుల నీళ్లలో మెత్తగా ఉడికించి మెదపాలి. దంచిన మిరియాలు, జీలకర్ర, ఉప్పు వేసి, రెండు టమాటాలు చిదిమి మళ్లీ ఒక పొంగు రానివ్వాలి. చలికి వణుకుతున్న పిల్లలు వేడివేడిగా గ్లాసుతో తాగేస్తారు. అటుకుల ఉప్మా, మిరియాల చారు, ఎండు నెత్తళ్ల వేపుడు, ఇలా రోజుకొకటి మారిస్తే విసుగు రాదు. పొద్దున పూట చోడి (రాగి) అంబలి కడుపు నింపుతుంది. పాలు దొరకనప్పుడు బెల్లం వేసిన శొంఠి కషాయం పెద్దవాళ్లకు హాయిగా ఉంటుంది.

ఎవరికైనా విరేచనాలైతే కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు కలిపి కొంచెం కొంచెంగా తాగించండి. చెంచా అంటే టీ చెంచా, గుట్టగా కాకుండా అంచుకు సమంగా తలకొట్టిన కొలత. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. నీరసం పెరిగినా, మూత్రం తగ్గినా ఆలస్యం చేయకుండా వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

తలుపులన్నీ మూసిన గదిలో బొగ్గుల కుంపటి వెలిగించవద్దు, ఆ పొగలోని విషవాయువుకు వాసన ఉండదు. గ్యాసు వాసన వస్తే రెగ్యులేటర్ కట్టేసి, కిటికీలు తెరిచి, ఏ స్విచ్చీ ముట్టకుండా బయటకు వచ్చి 1906కు ఫోను చేయండి.

చివరగా ఇప్పుడే చేయాల్సిన పని ఒకటుంది. చిన్న గిన్నెడు నీళ్లు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, పైన ఒక రూపాయి నాణెం పెట్టండి. కరెంటు వచ్చాక నాణెం అడుగున కనిపిస్తే లోపలి మాంసం, చేపలు కరిగి మళ్లీ గడ్డకట్టాయన్నమాట. వాసన చూసి సరిపెట్టుకోకుండా పారేయండి.