రోజూ వాకిట్లో ఒక చిన్న ముగ్గు: ఎలా మొదలుపెట్టాలి?

"నాకు అంత క్రియేటివిటీ లేదండీ" అనేవాళ్ళందరికీ నేను చెప్పేది ఒక్కటే, ఒక నెలపాటు రోజూ పొద్దున వాకిట్లో చిన్న ముగ్గు పెట్టి చూడండి. క్లాసులకి వెళ్ళక్కర్లేదు, రంగులూ బ్రష్షులూ కొనక్కర్లేదు, పది నిమిషాలు చాలు. కాగితం మీద వేసిన బొమ్మ పాడైతే అలాగే ఉండిపోతుంది, ఎవరైనా చూస్తారేమో అని టెన్షన్. ముగ్గు అలా కాదు, సాయంత్రానికి కాళ్ళ కింద చెరిగిపోతుంది, రేపు మళ్ళీ ఖాళీ వాకిలి. ఈ ఒక్క కారణంతోనే చెయ్యి భయం పోగొట్టుకోవడానికి ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించలేదు. మగపిల్లలూ, మగవాళ్ళూ కూడా వేయొచ్చు, ఇది ఆడవాళ్ళ పని అని ఎవరన్నా అంటే పట్టించుకోకండి.

ముందు పిండి సంగతి

బియ్యప్పిండి తీసుకోండి. మరీ మెత్తగా ఉంటే వేళ్ళకి అంటుకుని జారదు, కాస్త బరకగా ఉండాలి. చీమలూ పిచ్చుకలూ తింటాయని మా అమ్మమ్మ బియ్యప్పిండే వాడేది, నేనూ అంతే. బజారులో దొరికే ముగ్గుపిండి రాతి పొడి. కడప వైపు మంగంపేట గనుల్లో తీసే ఖనిజం, బెరైటీస్‌ని మనవాళ్ళు ముగ్గురాయి అనే పిలుస్తారు. రాతి పొడి వాడితే ముఖం దగ్గరగా పెట్టి దులపకండి, దుమ్ము లోపలికి పోతుంది.

వాకిలి ఊడ్చి నీళ్ళు చల్లండి. పల్లెల్లో అయితే పేడనీళ్ళతో కళ్ళాపి. ఇక్కడ తొందరపడకూడదు, నీళ్ళు నిలబడి ఉన్నప్పుడు వేస్తే పిండి ముద్దయిపోతుంది, పూర్తిగా ఎండాక వేస్తే గాలికి లేచిపోతుంది. నేల చెమ్మగా ఉండి నీళ్ళు కనపడకుండా ఉన్నప్పుడు మొదలుపెట్టండి. ఆ రెండు మూడు నిమిషాలు ఊరికే నిలబడి నేల వైపు చూడండి. నిజం చెప్పాలంటే నాకు రోజు మొత్తంలో మనసు నెమ్మదించేది ఆ కాసేపే. ఫోన్ ఇంట్లోనే ఉంచండి.

చెయ్యి తిప్పడం

చిటికెడు కన్నా కాస్త ఎక్కువ పిండి బొటనవేలు, చూపుడువేలు మధ్య పట్టుకుని, బొటనవేలిని మెల్లగా జరుపుతూ వదలాలి. చెయ్యి నేలకి తగలకుండా కొంచెం పైన ఉండాలి. మొదటి మూడు రోజులు ముగ్గు జోలికే వెళ్ళకండి, గీతలు మాత్రం, జానెడు నిలువు గీతలు, తర్వాత వంపులు. లావూ సన్నం అవుతాయి, మధ్యలో తెగుతాయి, ఏం ఫర్వాలేదు, నాలుగో రోజుకి వేళ్ళే నేర్చుకుంటాయి.

మొదటి మెలికల ముగ్గు

మూడు చుక్కలు ఒక వరుసలో పెట్టండి. నడి చుక్కకి సరిగ్గా పైన ఒకటి, కింద ఒకటి. మొత్తం అయిదు. ఇప్పుడు గీత పై చుక్కని ఎడమ వైపు నుంచి దిగి, నడి చుక్క కుడి పక్కగా వాలుగా వచ్చి, కుడి చుక్క అడుగు నుంచి చుట్టి పైనుంచి వెనక్కి రావాలి. అక్కడి నుంచి మళ్ళీ వాలుగా కింది చుక్క ఎడమకి దిగి, చుట్టి, కుడి నుంచి పైకి లేచి, ఎడమ చుక్క పైనుంచి చుట్టి, అడుగు నుంచి బయటికి వచ్చి, పై చుక్క కుడి పక్కకి ఎక్కి దాన్ని చుట్టేస్తే మొదలుపెట్టిన చోటే కలుస్తుంది. నాలుగు రేకుల పువ్వు, ఒకటే గీత, ఒక్క చుక్కనీ తాకదు. చదివితే తికమకగా ఉంటుంది కానీ వేలితో నేల మీద ఒక్కసారి తిప్పితే అర్థమైపోతుంది. మధ్యలో దారి తప్పితే చెరపకండి, ఆ తప్పిన చోటు నుంచే ఎటు పోవచ్చో చూడండి, నా వాకిట్లో కొత్త ముగ్గులు చాలావరకు అలాగే పుట్టాయి.

చుక్కల లెక్క తెలిస్తే ఎవరి ముగ్గయినా మీరు వేయగలరు. "7 చుక్కలు, సందు చుక్క, 4 వరకు" అంటే మధ్య వరుసలో 7, దాని పైనా కిందా సందుల్లో 6, అలాగే రెండు వైపులా 5, తర్వాత 4, మొత్తం 37. "5 చుక్కలు, సరి చుక్క, 1 వరకు" అంటే మధ్యలో 5, పైనా కిందా ఎదురెదురుగా 3, తర్వాత 1, మొత్తం 13.

రెండో వారం నుంచి ఒకటే నియమం

నిన్నటి ముగ్గులో ఒక్కటి మార్చండి. ఒక వరుస పెంచండి, రేకు బదులు ఆకు పెట్టండి, ఒక మూల ఖాళీగా వదిలేయండి. కొత్తది కనిపెట్టాలని కూర్చుంటే ఏమీ తట్టదు, ఉన్నదాన్ని కాస్త కదిపితే తడుతుంది. ఫొటో తీసి స్టేటస్ పెట్టాలనిపిస్తుంది, వారానికి ఒకటి చాలు, లేకపోతే చెయ్యి మీ కోసం కాక చూసేవాళ్ళ కోసం కదలడం మొదలవుతుంది.

ఫ్లాట్‌లో ఉండేవాళ్ళు గుమ్మం ముందు సుద్దముక్కతో వేయొచ్చు, లేదా పెద్ద పళ్ళెంలో బియ్యప్పిండి పరిచి వేలితో గీయొచ్చు. విదేశాల్లో ఉన్నవాళ్ళకీ ఇంటి ముందు సిమెంటు మీద సుద్దముక్క సరిపోతుంది.

డిసెంబర్ 16 దగ్గర ధనుర్మాసం మొదలవుతుంది, కొత్తవాళ్ళు అప్పుడు మొదలుపెడితే తేలిక, ఎందుకంటే వీధంతా ముగ్గులే, నడుచుకుంటూ వెళ్ళి చూసి రావచ్చు, నచ్చితే ఆ ఇంటివాళ్ళని లెక్క అడగండి, సంతోషంగా చెప్తారు. అలా సాగితే కనుమ నాటికి, కొన్ని ఊళ్ళలో ముక్కనుమకి, మీ చెయ్యి రథం ముగ్గుకి సిద్ధమవుతుంది. రథం గీశాక దాని తాడుని పక్కింటి ముగ్గు దాకా లాగుతారు. ఆ రోజు పొద్దున్నే పక్కింటివాళ్ళని పిలవండి, మీ వైపు నుంచి మీరు, వాళ్ళ వైపు నుంచి వాళ్ళు గీసుకుంటూ వచ్చి తాడుని మధ్యలో కలపండి.