తుఫాను రోజుల్లో ఫోన్‌తో జాగ్రత్త: మెసేజ్ కింద కనబడే టైమ్‌ని నమ్మకండి

మొన్న అల్పపీడనం అని టీవీలో మొదలైన రాత్రి వంశధార ఒడ్డున ఒక ఊళ్ళో జనం గొడ్లను విప్పుకుని, బియ్యం బస్తాలూ ముసలాళ్ళనీ ట్రాక్టర్ ఎక్కించి చీకట్లో మెట్టకి బయలుదేరారు. కాలవ గట్టు మీద ట్రాక్టర్ ఒరిగిపోయి ఒకాయన కాలు విరిగింది. తెల్లారి చూస్తే ఏట్లో నీళ్ళు మోకాలి లోతు లేవు. ఇంతా చేసింది ఒక వాయిస్ మెసేజ్. "గొట్టా బ్యారేజీ దగ్గర మూడో హెచ్చరిక ఇచ్చేశారు, గేట్లన్నీ ఎత్తేశారు, ఏటి పక్కనున్నోళ్ళు ఎల్లిపోండి బాబూ" అని. ఆరా తీస్తే తేలిందేమిటంటే, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. ఎప్పుడో వచ్చిన వరదకి ఎవరో నలుగురి మంచి కోరి పెట్టిన మాటే అది. హైదరాబాద్‌లో ఉన్న ఒక కుర్రాడికి ఏదో గ్రూపులో కనబడితే, కంగారులో ఊరి గ్రూపులో పడేశాడు.

ఫేక్ న్యూస్ నమ్మొద్దు, వదంతులు వ్యాప్తి చెయ్యొద్దు లాంటివి నేను చెప్పను, అవి మీకు తెలుసు. మన శ్రీకాకుళం, విజయనగరం వైపు జనాన్ని ముంచుతున్నది అబద్ధం కంటే పాతబడిన నిజం. దాని గురించే రాస్తున్నా.

ఆ టైమ్ ఎవరిది?

వాట్సాప్‌లో వాయిస్ వచ్చినా, ఫొటో వచ్చినా కింద చిన్న అక్షరాల్లో 7:42 అని ఉంటుంది. చాలామంది దాన్ని చూసి "ఇప్పుడే వచ్చింది" అంటారు. అది మీ గ్రూపులోకి వచ్చిన టైమ్, అంతే. ఆ మాట ఎప్పుడు మాట్లాడారో, ఆ ఫొటో ఎప్పుడు తీశారో దానికి తెలీదు. 2018లో తీసిన వీడియో ఈ రాత్రి పంపితే కింద ఈ రాత్రి టైమే పడుతుంది. మళ్ళీ చెప్తున్నా, కింద కనబడే టైమ్ పంపినవాడిది, వార్తది కాదు. రెండు బాణాల గుర్తు ఉంటే ఇంకా జాగ్రత్త, అది చాలా చేతులు మారి వచ్చిందని అర్థం.

మన దగ్గర ఇంకో చిక్కుంది. ఫైలిన్ 2013 అక్టోబర్ 12న, హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12న, తిత్లీ 2018 అక్టోబర్ 11న తీరం దాటాయి. మూడూ ఒకే వారంలో ఇరుక్కున్నట్టు ఉన్నాయి కదా. కాబట్టి "12వ తేదీన తీరం దాటుతుంది" అన్న పాత మెసేజ్ ఏ అక్టోబర్‌లో పడినా సరిగ్గా అతుకుతుంది. వారం పేరు చూసి కనిపెడదామా అంటే అదీ కుదరదు. హుద్‌హుద్ వచ్చింది ఆదివారం, 2025లో కూడా అక్టోబర్ 12 ఆదివారమే. సంవత్సరం లేని తేదీని తేదీగా లెక్కపెట్టకండి.

మండలాల జాబితా వస్తే నేను ముందు చూసేది రాజాం, పాలకొండ. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం విజయనగరం జిల్లాలోకి, పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యంలోకి వెళ్ళాయి. "శ్రీకాకుళం జిల్లాలో అతి భారీ వర్షాలు కురిసే మండలాలు" అని ఈ పేర్లు కనబడితే అది అంతకు ముందుదో, లేదా జిల్లా తెలియనివాడు రాసిందో. రెండింటిలో ఏదైనా మనకి పనికిరాదు.

భయపెట్టే మెసేజ్ కంటే ధైర్యం చెప్పేది ప్రమాదం

ఇది ఎవరూ పట్టించుకోరు. 2021 డిసెంబర్‌లో జవాద్ మన మీదకే వస్తుందన్నారు, తీరా ఒడ్డుకి రాకముందే సముద్రంలో బలహీనపడింది. అప్పుడు "తుఫాను బలహీనపడింది, మనకేం లేదు" అన్న మెసేజ్ నిజమే. అదే మెసేజ్ ఇంకో తుఫానుకి తిరిగితే? "మావోడు సెన్నై నుంచి పెట్టినాడు, ఏటీ నేదంట, పడుకోండి" అని అరుగు మీద ఒక పెద్దాయన అంటే వీధంతా పడుకుంటుంది. పాత భయం ఖరీదు ఒక కాలు. పాత ధైర్యం ఖరీదు అంతకంటే ఎక్కువ. తిత్లీ పలాస వైపు తీరం దాటింది తెల్లవారుజామున, చీకట్లో. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలమట్టం అవుతున్నప్పుడు ఎవరి ఫోన్ ఎవరికి కలిసింది?

తుఫాను కబురు ఒక పూట సరుకు. 2022 మే నెలలో అసని తీరానికి రాకుండా మళ్ళిపోతుందనుకుంటే మచిలీపట్నం వైపు వచ్చింది. అందుకే వాతావరణ శాఖ బులెటిన్ మీద రెండు టైమ్‌లు ఉంటాయి: ఎన్ని గంటల పరిశీలన, ఎన్ని గంటలకి విడుదల. తుఫాను దగ్గరపడ్డాక బులెటిన్లు మూడు గంటలకోసారి మారుతుంటాయి. కానీ మనవాళ్ళు స్క్రీన్‌షాట్ తీసేటప్పుడు పైన ఆ రెండు వరసలూ కోసేసి, ఎర్ర రంగు మ్యాప్ ఒక్కటే పంపుతారు. తలకాయ లేని బులెటిన్ ఎవరు పంపినా వెనక్కి అడగండి, "పై ముక్క ఏది?" అని. మేనమామ అయినా సరే. "మన సుట్టమే కదా, అబద్దం ఎందుకు సెప్తాడు" అంటారు చూడండి, అక్కడే దెబ్బ. ఆయన అబద్ధం చెప్పడం లేదు, పాతది పంపుతున్నాడు.

ఇక వరసపెట్టి చెప్పేస్తా.

– ఊరు వదలాలా వద్దా అన్నది వాట్సాప్ చూసి తేల్చుకోకండి. సచివాలయం వాళ్ళు, వీఆర్వో, టాంటాం, ఫోన్ పెద్దగా మోగి తెరమీద పడే ప్రభుత్వ అలర్ట్, ఇవే లెక్క. ఆ అలర్ట్‌కి నెట్ అక్కర్లేదు, సిగ్నల్ ఉంటే చాలు. చప్పుడుకి భయపడి సెట్టింగ్స్‌లో దాన్ని ఆపేసినవాళ్ళు ఈరోజే ఆన్ చెయ్యండి.

– అనుమానం ఉంటే 1070కి గాని, విపత్తుల సంస్థ టోల్‌ఫ్రీ 1800 425 0101కి గాని చెయ్యండి. కాగితం మీద రాసి గోడకి అంటించండి, ఫోన్ చచ్చాక ఫోన్‌లో ఉన్న నంబర్ ఎందుకు?

– కళింగపట్నం ఓడరేవులో ఎగరేసిన ప్రమాద హెచ్చరిక నంబర్‌ని టీవీ అరుపుతో కలిపి అర్థం చేసుకోకండి. 1, 2 అంటే తుఫాను ఇంకా దూరాన సముద్రంలో ఉంది. 8 నుంచి 10 దాకా అతి ప్రమాదం. 11 అంటే 10ని మించిన తుఫాను కాదు, హెచ్చరిక కేంద్రంతో సంబంధాలు తెగిపోయాయని.

– వేటకి వెళ్ళేవాళ్ళు: "హెచ్చరిక ఎత్తేశారంట" అన్న వాయిస్ విని తెప్ప నీళ్ళలోకి దించొద్దు. మత్స్యశాఖ వాళ్ళ నోటి నుంచి వినాలి, ఆ రోజు వినాలి.

– ముందురోజే పవర్ బ్యాంక్ నింపండి. బ్యాటరీ రేడియో ఒకటి ఇంట్లో పడెయ్యండి. హుద్‌హుద్ అప్పుడు టవర్లు పడిపోతే ఊళ్ళకి ఊళ్ళు మూగబోయాయి.

– గాలి ఉన్నట్టుండి ఆగితే వీడియో తియ్యడానికి బయటికి రావొద్దు. అది తుఫాను కన్ను కావచ్చు. కాసేపటికి గాలి అవతలి వైపు నుంచి మొదలవుతుంది, అప్పటికే వదులైన రేకులు ఈసారి ఎగురుతాయి.

– సముద్రం దగ్గర రీల్ వద్దు. కారణం అడగొద్దు.

– హైదరాబాద్, చెన్నై, గల్ఫ్‌లో ఉన్న పిల్లలూ, మీరు టీవీ చూసి గంటకోసారి ఫోన్ చేస్తే ఇక్కడ అమ్మ ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోవడం తప్ప ఒరిగేది లేదు. ఒక్క ఎస్ఎంఎస్ పెట్టండి. మీకొచ్చిన వీడియో ఊరి గ్రూపులో వెయ్యకండి.

– గ్రూప్ అడ్మిన్లు ఆ రెండు రోజులు అడ్మిన్లే రాసేలా సెట్టింగ్ మార్చండి. ఎవరైనా అలిగితే అలగనివ్వండి. తప్పుడు హెచ్చరిక పుట్టించి జనాన్ని హడలగొడితే విపత్తు నిర్వహణ చట్టం 2005, సెక్షన్ 54 కింద ఏడాది దాకా జైలు, లేదా జరిమానా.

– పాతది పంపేశారా? డిలీట్ కొట్టి ఊరుకోవద్దు. "అది పాతది, పట్టించుకోకండి" అని అదే గ్రూపులో రాయండి. చదివినవాళ్ళు అప్పటికే నిచ్చెనలు ఎక్కుతుంటారు.

– తుఫాను వెళ్ళాక వచ్చే లింకులు అసలు ముట్టుకోవద్దు. "కొబ్బరి చెట్టుకి పరిహారం, ఈ యాప్ వేసుకుని ఆధార్ కొట్టండి" అంటారు. నష్టం రాసుకునేవాళ్ళు తోటకి వచ్చి చెట్లు లెక్కపెడతారు, ఓటీపీ అడగరు. డబ్బు పోయిందా, ఆ నిమిషమే 1930కి ఫోన్ చెయ్యండి. కొడుకు లేచాక అడుగుదామని తెల్లారేదాకా ఆగకండి, అప్పటికి అది నాలుగు ఖాతాలు దాటిపోతుంది.