కరెంటు పోయినా రౌటర్ సెట్టింగులు పోకుండా కాపాడుకోవడం ఎలా?

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన తరువాత ఒడిశాలోని పర్లాకిమిడిలో మాకు రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు వచ్చాక నేను చూసుకునే ఒక కార్యాలయంలో సిస్కో రౌటర్ మామూలుగానే ఆన్ అయింది కానీ, సరిహద్దుకు అవతల పాతపట్నంలో ఉన్న శాఖకు దారి చూపే రూట్లు అందులో ఒక్కటీ లేవు. యూపీఎస్ అండతో ఏడాదిపాటు ఆగకుండా నడిచిన ఆ రౌటర్‌లో, ఆ కాలమంతా మేము చేసిన మార్పులను ఎవరమూ సేవ్ చేయలేదని అప్పుడు తెలిసింది. అదే నష్టం మరొకరికి జరగకూడదని ఈ పద్ధతిని వివరంగా రాస్తున్నాను. ఆదేశాలను పలికే తీరులో ఇస్తున్నాను. టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాలే వాడాలి.

ముందుగా ఏది ఎక్కడ ఉంటుందో తెలుసుకోవాలి. ప్రస్తుతం నడుస్తున్న సెట్టింగులు, అంటే రన్నింగ్-కాన్ఫిగ్, తాత్కాలిక మెమొరీ అయిన ర్యామ్‌లో ఉంటాయి కాబట్టి కరెంటుతోపాటే పోతాయి. రౌటర్ ఆన్ కాగానే చదువుకునే స్టార్టప్-కాన్ఫిగ్ కరెంటు లేకపోయినా చెరగని ఎన్‌వీర్యామ్‌లో భద్రంగా ఉంటుంది. రౌటర్‌ను నడిపే సిస్కో ఐఓఎస్ సాఫ్ట్‌వేర్ ఫైలు మాత్రం సాధారణంగా ఫ్లాష్ అనే మరో మెమొరీలో ఉంటుంది.

రౌటర్ ఆదేశాల తెరలో ‘ఎనేబుల్’ అని కొట్టి పాస్‌వర్డ్ ఇచ్చాక, ప్రాంప్ట్ (ఆదేశం కోసం రౌటర్ చూపే వరుస) చివర హ్యాష్ (#) గుర్తు వచ్చిందో లేదో చూసుకుని, ‘డిర్ ఫ్లాష్:’ అని కొట్టండి. ఫైళ్ల పేర్లు, పరిమాణాలు, తేదీలు, చివరి వరుసలో మిగిలిన ఖాళీ కనిపిస్తాయి. కొన్ని పాత రౌటర్లలో బ్యాటరీతో నడిచే గడియారం ఉండదు కనుక, కరెంటు పోయి వచ్చాక వాటి తేదీ 1993 మార్చి 1కి వెళ్లిపోతుంది, ఆ తరువాత దాచిన ఫైళ్ల మీదా అదే తేదీ పడుతుంది. అందుకే నెట్‌వర్క్ ద్వారా గడియారాన్ని సరిచేసే ఎన్‌టీపీ పెట్టుకోవాలి, ఫైలు పేరులోనే తేదీ కూడా రాసుకోవాలి.

తరువాత, నడుస్తున్నదానికీ దాచినదానికీ తేడా ఉందేమో ‘షో ఆర్కైవ్ కాన్ఫిగ్ డిఫరెన్సెస్ ఎన్‌వీర్యామ్:స్టార్టప్-కాన్ఫిగ్ సిస్టమ్:రన్నింగ్-కాన్ఫిగ్’ అనే ఆదేశంతో చూడండి. ముందు ప్లస్ గుర్తున్న వరుసలు ఇంకా సేవ్ కానివి, మైనస్ గుర్తున్నవి స్టార్టప్-కాన్ఫిగ్‌లో మాత్రమే మిగిలినవి. ఆ వరుసల్లో ప్రతిదాన్నీ ఎవరు, ఎందుకు పెట్టారో తెలుసుకున్నాకే సేవ్ చేయడం మంచిది, ఎందుకంటే తెలియక పెట్టిన తప్పు కూడా సేవ్ చేస్తే స్థిరపడిపోతుంది.

సేవ్ చేయడానికి ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ స్టార్టప్-కాన్ఫిగ్’ అని కొట్టి, గమ్యం ఫైలు పేరు అడిగినప్పుడు ఎంటర్ నొక్కితే చాలు. చతురస్ర బ్రాకెట్లలో ‘ఓకే’ కనిపించేదాకా అక్కడినుంచి కదలకండి.

ఎన్‌వీర్యామ్‌లో ఉన్న ఒక్క ప్రతిని నమ్ముకోలేము కనుక ‘కాపీ రన్నింగ్-కాన్ఫిగ్ ఫ్లాష్:’ ఆదేశంతో తేదీ ఉన్న పేరు పెట్టి రెండో ప్రతిని, రౌటర్ బయట మరో కంప్యూటర్‌లో మూడో ప్రతిని దాచండి. ఫైళ్లను పంపే పద్ధతుల్లో టీఎఫ్‌టీపీ సులువే కానీ, యూడీపీ అనే నెట్‌వర్క్ పద్ధతిలో 69వ పోర్టు మీద పాస్‌వర్డ్ ఏమీ అడగకుండా ఫైళ్లను పంపుతుంది. వీలైతే పాస్‌వర్డ్ అడిగి, గుప్తంగా పంపే ఎస్‌సీపీ వాడండి. సెట్టింగుల్లో సిస్కో టైప్ 7 అనే బలహీనమైన గూఢలిపి పద్ధతిలో దాచిన పాస్‌వర్డ్‌లను ఎవరైనా సులువుగా విప్పగలరు కాబట్టి, ఈ ప్రతులను తాళంచెవిలాగే జాగ్రత్తపెట్టాలి.

పాత ప్రతిని తిరిగి తెచ్చుకునేటప్పుడే చాలామంది పొరబడతారు. ‘కాపీ ఫ్లాష్:ఫైలుపేరు రన్నింగ్-కాన్ఫిగ్’ అని కొడితే పాత సెట్టింగులు ఇప్పుడున్నవాటితో కలిసిపోతాయే తప్ప వాటిని తొలగించవు, కనుక మీరు వద్దనుకున్న యాక్సెస్ లిస్టు (దేన్ని అనుమతించాలో, దేన్ని ఆపాలో చెప్పే జాబితా) వరుస అక్కడే ఉండిపోతుంది. పూర్తిగా పాత స్థితికి వెళ్లాలంటే ‘కాన్ఫిగర్ రీప్లేస్ ఫ్లాష్:ఫైలుపేరు’ అని కొట్టాలి.

దూరంలో ఉన్న రౌటర్‌ను మార్చేటప్పుడు, ఉన్నదాన్ని సేవ్ చేసి ‘రీలోడ్ ఇన్ 10’ అని కొట్టి, ఆ తరువాతే మార్పు మొదలుపెట్టండి. మార్పు వికటించి కనెక్షన్ తెగిపోయినా, పది నిమిషాలకు రౌటర్ దానంతట అదే రీస్టార్ట్ అయి పాత సెట్టింగులతో లేస్తుంది, మీరు బస్సెక్కి పాతపట్నం వెళ్లనక్కరలేదు. అంతా సరిగా ఉంటే ‘రీలోడ్ క్యాన్సిల్’ కొట్టి, అప్పుడు సేవ్ చేయండి.

ఫ్లాష్‌లో చోటు కోసం పాత ఫైళ్లు తీసేయవలసి వస్తే, ముందు ‘షో వెర్షన్’లో ఏ సాఫ్ట్‌వేర్ ఫైలుతో రౌటర్ నడుస్తున్నదో చూసి, దాని జోలికి వెళ్లకండి. స్విచ్‌లలో వీల్యాన్‌ల (ఒకే స్విచ్‌లో విడగొట్టిన నెట్‌వర్క్‌ల) పట్టిక సాధారణంగా ‘వీల్యాన్.డాట్’ (vlan.dat) అనే వేరే ఫైలులో ఉంటుంది కనుక దాన్నీ తీయవద్దు, దానికీ ఒక ప్రతి తీసుకోండి. కొన్ని పాత పరికరాలు కొత్త ఫైలు ఎక్కించేటప్పుడు ఫ్లాష్ మొత్తాన్ని చెరిపేయమంటారా అని అడుగుతాయి. అక్కడ అలవాటుగా ఎంటర్ నొక్కితే చెరిపేయమన్నట్టే, కాబట్టి ‘ఎన్’ కొట్టాలి.

చివరిగా ‘మోర్ ఫ్లాష్:ఫైలుపేరు’ అని కొట్టి, దాచిన ప్రతిని ఒకసారి మొదటినుంచి చదవండి. ఆఖరి వరుసలో ‘ఎండ్’ అనే మాట లేకపోతే ఆ ప్రతి మధ్యలోనే తెగిపోయిందని అర్థం, మళ్లీ కాపీ చేయండి.