అమ్రాబాద్ అడవిని చూడబోయేవారికి

హైదరాబాద్–శ్రీశైలం రహదారిపై మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అభయారణ్యం మొదలవుతుంది. రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు ఈ దారిలో వాహనాలను అనుమతించరు కనుక, తెల్లవారుజామునే బయలుదేరి ఉదయానికి అక్కడికి చేరేలా ప్రయాణాన్ని నిర్ణయించుకోవాలి. వానలు తగ్గిన తరువాత, అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వెళ్లడం ఉత్తమం. ఆ తొలి నెలల్లో అడవి పచ్చగా, మల్లెల తీర్థం జలపాతం నిండుగా ఉంటాయి.

మన్ననూరుకు ముందే రంగాపూర్ వైపు మళ్లి, శ్రీశైలానికి ఉత్తర ద్వారంగా పేరొందిన ఉమామహేశ్వరం దర్శించుకోవచ్చు. ఫరహాబాద్ సఫారీని అటవీశాఖ ద్వారా ముందుగా నమోదు చేసుకోవాలి. పులి కనిపించాలన్న పట్టుదలతో వెళ్లేవారు మిగతా అడవిని చూడలేరు. దుప్పులు, ఎలుగుబంట్లు, కొండముచ్చులు, లోయ అంచున విప్పారే దృశ్యం, ఇవన్నీ నిదానంగా చూడవలసినవే. మల్లెల తీర్థానికి వటవర్లపల్లి దగ్గర మళ్లాలి. అక్కడ వందలాది మెట్లు దిగాలి, తిరిగి ఎక్కాలి కనుక పెద్దవారు, మోకాళ్ల నొప్పులున్నవారు ముందే ఆలోచించుకోవడం మంచిది.

ఈ అడవి చెంచుల ఇల్లు. అనుమతి లేకుండా పెంటలనే వారి గూడేల్లోకి వెళ్లడం, ఫొటోలు తీయడం మర్యాద కాదు. వారు సేకరించిన తేనెను గిరిజన సహకార సంస్థ దుకాణాల్లో కొంటే వారికి మేలు జరుగుతుంది. ప్లాస్టిక్ వస్తువులు వెంట తీసుకెళ్లకూడదు, దారి పక్కన కోతులకు తిండి పెట్టకూడదు. ఆ అలవాటు వల్లే అవి రోడ్డెక్కి వాహనాల కింద పడుతున్నాయి.