సహజ వనరుల నిర్వహణలో డిగ్రీ: ఏ సెమిస్టర్‌లో ఏ కోర్సు తీసుకోవాలో ఎలా తేల్చుకోవాలి?

సహజ వనరుల నిర్వహణ డిగ్రీలో చేరిన మొదటి వారంలోనే కోర్సుల జాబితా ఒకటి చేతికి వస్తుంది. అడవులు, నేలలు, నీరు, వన్యప్రాణులు, చేపలు, చట్టం, అర్థశాస్త్రం, మ్యాపులు, ఇలా అందులో లేనిది ఉండదు. చూడగానే మనసు లాగే పేర్లకు టిక్కు పెట్టేసి, లెక్కలు ఉన్నవాటి సంగతి తర్వాత చూద్దాంలే అనుకుంటాం. నేనూ అదే చేశాను. స్టాటిస్టిక్స్‌ను చివరి ఏడాదికి నెట్టాను. దానికి ముందు సెలవుల్లో ఒక వాగు వెంట మూడు వారాలు తిరిగి మొక్కలు లెక్కపెట్టాను. తర్వాత క్లాసులో శాంపిలింగ్, అంటే మొత్తం గురించి తెలుసుకోవడానికి ఏ కొన్నింటిని ఎంచి కొలవాలన్న పాఠం విన్న రోజున తెలిసింది, నేను ఆగి లెక్కపెట్టినవన్నీ దారికి దగ్గరగా, గట్టు దిగడానికి వీలుగా ఉన్న చోట్లేనని. ఆ నోటుపుస్తకం చూసి వాగు గురించి చెప్పగలిగింది ఏమీ లేదు. నా కాళ్లకు ఏ దారి సులువో మాత్రం చెప్పవచ్చు.

కోర్సుల ప్రణాళికలో చాలామంది బోల్తా పడేది ఇక్కడే. సబ్జెక్టుల ఎంపికలో తప్పు ఉండదు, వాటి వరుసలో ఉంటుంది.

1. చివరి ఏడాది నుంచి వెనక్కి రండి

ముందు, డిగ్రీ పూర్తయ్యాక మీరు చేయాలనుకుంటున్న పనికి సంబంధించిన ఉద్యోగ ప్రకటనలు ఐదారు సంపాదించండి. ఉద్యోగం పేరును వదిలేసి, "ఏం చేయాలి" అనే భాగం చదవండి. చెట్ల కొలతలు తీయాలి, నీటి నమూనాలు సేకరించాలి, మ్యాపులు తయారు చేయాలి, గ్రామస్థులతో సమావేశాలు నడపాలి, నివేదికలు రాయాలి అని ఉంటుంది. ఒక్కో పనికి ఎదురుగా అది నేర్పే కోర్సు పేరు రాసుకోండి. ఏ కోర్సూ దొరకని పనులు కొన్ని మిగులుతాయి. వాటిని శిక్షణ శిబిరాల్లోనో సెలవుల ఉద్యోగాల్లోనో నేర్చుకోవాలి.

కొన్ని ప్రభుత్వ ఉద్యోగాలకు డిగ్రీ పట్టా ఒక్కటే చాలదు, ఏ సబ్జెక్టులో ఎన్ని క్రెడిట్లు ఉన్నాయో కూడా లెక్క చూస్తారు. అమెరికా ఫెడరల్ ప్రభుత్వంలో వన్యప్రాణి జీవశాస్త్రవేత్త ఉద్యోగానికి జీవశాస్త్ర డిగ్రీలో కనీసం 9 క్రెడిట్లు వన్యప్రాణుల సబ్జెక్టుల్లో, 12 జంతుశాస్త్రంలో, 9 వృక్షశాస్త్రంలో ఉండాలి. జంతువులంటే ప్రాణం పెట్టే విద్యార్థి వృక్షశాస్త్రాన్ని ఒక్క కోర్సుతో సరిపెట్టుకుంటే, నాలుగేళ్ల తర్వాత దరఖాస్తు నింపుతున్నప్పుడు గానీ ఆ లోటు బయటపడదు. మీరు పని చేయాలనుకునే చోట ఇలాంటి నియమం ఉందేమో మొదటి ఏడాదిలోనే చూసుకోండి.

2. గొలుసు గీయండి

ఇప్పుడు ఒక పెద్ద కాగితం తీసుకోండి. కంప్యూటర్‌లో గడులు గీసుకున్నా ఫరవాలేదు కానీ, కాగితం మీదైతే బాణాలు గీయడం తేలిక. ప్రతి కోర్సుకూ ముందుగా పూర్తి చేయాల్సిన కోర్సు ఏదో సిలబస్‌లో చూసి, రెంటినీ బాణంతో కలపండి.

ఎనిమిది సెమిస్టర్ల డిగ్రీలో చివరి ప్రాజెక్టు ఏడో సెమిస్టర్‌లో మొదలవుతుందనుకుందాం. ప్రాజెక్టులో జంతువుల సంఖ్య అంచనా వేయాలంటే, జనాభా అంచనా పద్ధతులు నేర్పే కోర్సు ఆరో సెమిస్టర్‌కల్లా అయిపోవాలి. దానికి శాంపిలింగ్ తెలియాలి, అంటే ఐదో సెమిస్టర్. శాంపిలింగ్‌కు ప్రాథమిక స్టాటిస్టిక్స్ కావాలి, అది మూడోదో నాలుగోదో. స్టాటిస్టిక్స్‌కు గణితం కావాలి, అది మొదటి ఏడాదే. చూశారా, చివరి ఏడాదిలో చేసే పని మొదటి సెమిస్టర్ దాకా లాక్కొచ్చింది. రసాయనశాస్త్రం, నేలల శాస్త్రం, నేల సంరక్షణ మరో గొలుసు. భౌతికశాస్త్రం, జలశాస్త్రం, పరీవాహక ప్రాంత నిర్వహణ ఇంకొకటి.

గొలుసులన్నీ గీశాక, ఏడాదికి ఒక్కసారే చెప్పే కోర్సుల చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టండి. పొడవైన గొలుసులో ఎర్ర సున్నా ఉంటే ప్రమాదం అక్కడే. ఆ కోర్సు తప్పినా, తీసుకోవడం మరిచినా, పోయేది ఒక సెమిస్టర్ కాదు, ఏడాది. పొడవైన గొలుసులను ముందు సెమిస్టర్లలో సర్దేయండి. మిగిలిన కోర్సులు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడ కూర్చుంటాయి.

3. లెక్కలను ముందుకు జరపండి

"నాకు అడవులంటే ఇష్టం, లెక్కలంటే భయం" అనే విద్యార్థులు ఈ డిగ్రీలో తక్కువేమీ కాదు. వారి కోసం ఒక చిన్న ఉదాహరణ.

చెట్టు లావును కొలిచేటప్పుడు నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తులో, అంటే దాదాపు రొమ్ము ఎత్తులో, మానుకు టేపు చుడతారు. వాలు నేల అయితే ఎగువ పక్కన నిలబడి ఆ ఎత్తు చూసుకోవాలి. చుట్టుకొలత 94 సెంటీమీటర్లు వచ్చిందంటే వ్యాసం సుమారు 30 సెంటీమీటర్లు. ఆ ఎత్తులో మాను అడ్డుకోత వైశాల్యం 0.071 చదరపు మీటర్లు. ఇప్పుడు టేపు కాస్త ఏటవాలుగా పడి, కింద ఒక తీగ కూడా ఇరుక్కుని, వ్యాసం 33 సెంటీమీటర్లుగా తేలిందనుకోండి. తప్పు మూడు సెంటీమీటర్లే, అంటే పది శాతం. వైశాల్యం మాత్రం 0.086కు చేరి 21 శాతం పెరిగిపోతుంది, ఎందుకంటే వ్యాసాన్ని వర్గం చేస్తున్నాం. టేపు ఏటవాలుగా పడితే కొలత పెరుగుతుందే కానీ తగ్గదు, కాబట్టి వంద చెట్లు కొలిచినా ఈ తప్పు సర్దుకోదు. అడవిలో ఉన్న కలప అంతా ఇలా ఉబ్బిపోయి కాగితం మీదికి వస్తుంది. ఎంత కొట్టవచ్చో నిర్ణయించేది ఆ కాగితమే.

చెరువులో చేపలదీ అంతే. 60 చేపలు పట్టి గుర్తు వేసి వదిలారు. కొన్నాళ్లకు మళ్లీ వల వేస్తే 50 పడ్డాయి, అందులో పదింటికి గుర్తు ఉంది. అరవైని యాభైతో గుణించి పదితో భాగిస్తే చెరువులో సుమారు 300 చేపలు. ఇంతవరకు హైస్కూలు లెక్కే. ఒకసారి పట్టుబడ్డ చేప రెండోసారి వలకు దూరంగా జరిగితే? గుర్తున్నవి పది కాక ఐదే పడతాయి, చెరువులో చేపలు కాగితం మీద 600 అవుతాయి. ఇలాంటి అనుమానం రావడానికీ, దాన్ని పరీక్షించడానికీ స్టాటిస్టిక్స్ కావాలి. అందుకే రెండో ఏడాది దాటనివ్వవద్దంటున్నాను. ఫీల్డు కోర్సులకు వెళ్లే ముందే అది చేతిలో ఉండాలి.

4. ఫీల్డు కోర్సులను రుతువును బట్టి సర్దండి

మొక్కలను గుర్తుపట్టే కోర్సు పూలు, ఆకులు ఉన్న కాలంలో చదివితే ఒకలా ఉంటుంది, ఎండిన నమూనాలతో చదివితే మరోలా ఉంటుంది. గడ్డిజాతులైతే పూత లేకపోతే నిపుణులను కూడా తికమక పెడతాయి. ఒకే కోర్సును రెండు సెమిస్టర్లలోనూ చెబుతుంటే, ఏది ఏ కాలంలో పడుతుందో చూసి ఎంచుకోండి.

ప్రాక్టికల్ ఉన్న కోర్సులు ఒక సెమిస్టర్‌కు రెండు మించకుండా చూసుకోవడం మేలు. క్రెడిట్ల లెక్కలో అవి మామూలు కోర్సుల్లాగే కనిపిస్తాయి కానీ సగం రోజు మింగేస్తాయి. ప్రయాణం, బురద బట్టలు, మరునాడు రాయాల్సిన రికార్డు అదనం. యూరప్ పద్ధతిలో ఒక క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల పని, ఏడాదికి 60 క్రెడిట్లు. మీ విశ్వవిద్యాలయంలో క్రెడిట్ అంటే ఎన్ని గంటలో కనుక్కుని, వారానికి ఎంత పడుతుందో ఒకసారి లెక్కవేసి చూడండి.

అయినా సరే, నేలల ప్రాక్టికల్‌ను మాత్రం వదులుకోకండి. గుప్పెడు మట్టిని తడిపి, పిసికి ముద్ద చేసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నొక్కుతూ పట్టీలా బయటికి తోస్తారు. పట్టీ రెండున్నర సెంటీమీటర్లు కాకముందే తెగితే బంకమన్ను తక్కువ. ఐదు సెంటీమీటర్లు దాటినా తెగకుండా వేలాడితే అది బంకనేల. గరగరలాడితే ఇసుక ఉన్నట్టు. ఇది పుస్తకం చదివితే రాదు, పదిసార్లు వేళ్లకు మట్టి అంటాలి.

5. మనుషుల గురించిన కోర్సులను గడులు నింపడానికి వాడకండి

విజ్ఞానశాస్త్రం మీద మనసున్నవారు అర్థశాస్త్రం, చట్టం, విధానాలు అనగానే మార్కుల కోసం తీసుకునే కోర్సులుగా చూస్తారు. నా ఉద్దేశంలో ఇది లెక్కలను వాయిదా వేయడం కంటే పెద్ద పొరపాటు.

కెనడా తూర్పు తీరంలో న్యూఫౌండ్‌లాండ్ దగ్గరి కాడ్ చేపల వేటను 1992లో ప్రభుత్వం ఆపేయాల్సి వచ్చింది. 30,000 మందికి పైగా ఉపాధి పోయింది. అంతకు ముందు ఏళ్లలో చేపల నిల్వను అంచనా వేయడానికి పెద్ద ట్రాలర్లు, అంటే వలను లాగుతూ వేటాడే ఓడలు, పట్టిన పరిమాణాన్ని కూడా ఆధారం చేసుకున్నారు. చేపలు తగ్గుతున్నా, మిగిలినవి గుంపుగా చేరిన చోటికి ట్రాలర్లు నేరుగా వెళ్లగలిగేవి, కాబట్టి వలలు నిండుగానే వచ్చేవి. తీరానికి దగ్గరగా చిన్న పడవల్లో వేటాడేవారు చేపలు తగ్గాయని 1980లలోనే మొరపెట్టుకున్నారు, వారి మాట చెవికెక్కలేదు. వాగు పక్కన నేను చేసిన తప్పే ఇది, సముద్రమంత చేశారు. ఎక్కడ కొలవాలన్నది శాంపిలింగ్ నేర్పుతుంది. ఎవరి మాట వినాలన్నది నేర్పే కోర్సు వేరే గదిలో జరుగుతుంది.

అందరిదీ అయిన వనరును ఎవరికి వారు దోచుకుని నాశనం చేస్తారని అమెరికా జీవావరణ శాస్త్రవేత్త గారెట్ హార్డిన్ 1968లో వాదించారు. చాలా చోట్ల మనుషులు తమలో తాము నియమాలు పెట్టుకుని పచ్చిక బయళ్లను, సాగునీటిని, చేపల వేటను తరాల పాటు కాపాడుకున్నారని రాజనీతి శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ చూపించారు. 2009లో ఆర్థికశాస్త్ర నోబెల్ అందుకున్న మొదటి మహిళ ఆమె. ఈ ఇద్దరి వాదాలూ తెలియకుండా అడవి చుట్టూ కంచె వేయాలా వద్దా అన్న నిర్ణయం తీసుకోవడం ఎలా? ఇలాంటి కోర్సులు కనీసం మూడు పెట్టుకోండి, ఒకటి రెండో ఏడాదిలోనే ఉండేలా చూడండి.

6. జీఐఎస్‌ను తొందరగా, ఎలక్టివ్‌లను నిదానంగా

జీఐఎస్, అంటే కంప్యూటర్‌లో మ్యాపులతో పని చేసే విద్య, రెండో ఏడాదిలోనే వస్తే తర్వాతి కోర్సుల అసైన్‌మెంట్లన్నీ దానికి సాధనగా మారతాయి. ఆ పనికి వాడే క్యూజీఐఎస్ సాఫ్ట్‌వేర్ ఉచితం. మొదటిది 1972లో ఎగిరిన లాండ్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు 2008 నుంచి ఉచితంగా దొరుకుతున్నాయి. వాటిలో ఒక చుక్క సాధారణంగా నేల మీద 30 మీటర్ల చదరం, కాబట్టి ఐదు మీటర్ల వాగును అందులో వెతికి కళ్లు నొప్పి తెచ్చుకోకండి.

ఎలక్టివ్‌లను, అంటే మన ఇష్టం మీద ఎంచుకునే కోర్సులను, మాత్రం మూడో ఏడాది దాకా తేల్చవద్దు. నీళ్ల కోసం వచ్చి నేలలతో ప్రేమలో పడ్డవారు ఉన్నారు. నివేదికలు రాయడం నేర్పే కోర్సు ఏదైనా ఉంటే, పేరు ఎంత చప్పగా ఉన్నా తీసుకోండి.

7. కాగితాన్ని చూపించండి, ఏటా దిద్దండి

అడ్వైజర్ దగ్గరికి ఖాళీ చేతులతో వెళ్లి "ఏం తీసుకోమంటారు?" అని అడిగితే అందరికీ చెప్పే జవాబే వస్తుంది. గీసిన కాగితం ముందు పెట్టి మూడు ప్రశ్నలు అడగండి. ఎర్ర సున్నా చుట్టిన కోర్సుల్లో వచ్చే ఏడాది చెప్పనివి ఏమైనా ఉన్నాయా? వేరే విభాగంలో చదివిన స్టాటిస్టిక్స్‌ను ఇక్కడ లెక్కలోకి తీసుకుంటారా? సెలవుల ఉద్యోగానికి క్రెడిట్లు ఇస్తారా? జవాబులను తేదీ వేసి కాగితం వెనకే రాసుకోండి. వీలైతే ఈమెయిల్‌లో కూడా అడిగి ఉంచుకోండి, అడ్వైజర్లు మారుతుంటారు.

ఆరు, ఏడు సెమిస్టర్లలో ఒక్కొక్క గడి ఖాళీగా వదిలేయండి. తప్పిన కోర్సో, మధ్యలో పుట్టిన ఆసక్తో అక్కడ పడుతుంది. రిజిస్ట్రేషన్ తెరుచుకునే రోజుకు రెండు వారాల ముందు కాగితం బయటికి తీసి చూసుకోండి, తెరుచుకున్న రోజున ఎర్ర సున్నా ఉన్న కోర్సుల్లో ముందుగా సీటు పట్టుకోండి. మిగిలినవి మర్నాడు చూసుకోవచ్చు.