ఇంట్లో నగల సంరక్షణ – 2వ పాఠం: ఏ నగను కడగొచ్చు, ఏ నగకు నీళ్ళు తగలకూడదు

మొదటి పాఠంలో చెప్పిన పని అయిపోయి ఉంటే, ప్రతి నగకూ ఒక ఫొటో, ఉన్నవాటికి బిల్లు, 0.01 గ్రాము దాకా చూపించే చిన్న డిజిటల్ కాటా మీద తూచిన బరువు మీ దగ్గర ఉండాలి. ఈ పాఠానికి ఆ మూడూ కావాలి. నగను కడగడం పావుగంట పని. కడగొచ్చో లేదో తేల్చుకోవడానికే కొంచెం ఓపిక కావాలి, ఎందుకంటే పైకి బంగారంగా కనిపించేదాని లోపల ఏముందో కంటికి కనిపించదు.

ముందు బిల్లు చూడండి

బిల్లులో గ్రాస్ వెయిట్, స్టోన్ వెయిట్, నెట్ వెయిట్ అని మూడు అంకెలుంటాయి. గ్రాస్ అంటే నగ మొత్తం బరువు, నెట్ అంటే అందులో బంగారం బరువు. ఒక కంటె గ్రాస్ 18 గ్రాములు, నెట్ 14.5 అని రాసి ఉండి, పైన ఒక్క రాయి కూడా లేదనుకోండి. మిగతా మూడున్నర గ్రాములు లోపలి లక్కవి.

పలుచని బంగారు రేకుతో చేసిన బోలు నగలు నొక్కుకుపోకుండా లోపల లక్క నింపుతారు. గుండ్లు, చాలా రకాల పుస్తెలు, కంటెలు, వంకీలు, నక్షీ పని చేసిన పెద్ద బిళ్ళలు, పాత వడ్డాణాల్లో కొన్ని ఇలాంటివే. హైదరాబాద్ లాడ్‌బజార్‌లో నిప్పు సెగకు మెత్తబరిచి గాజులు చుట్టేదీ లక్కతోనే. అక్కడ వాళ్ళకు పనికొచ్చే గుణమే మన నగకు చేటు చేస్తుంది. 70 డిగ్రీల దగ్గరికి వెళ్తే లక్క మెత్తబడుతుంది. మరుగుతున్న నీళ్ళలో పుస్తెలు వేస్తే లక్క కరిగి, దారం దూర్చే బెజ్జంలోంచి బయటికొచ్చి, చల్లారాక గోధుమరంగు మరకలా అతుక్కుంటుంది. లోపల ఖాళీ అయిన చోట రేకు వేలితో నొక్కినా సొట్ట పడుతుంది. ఆ సొట్టను ఇంట్లో సరిచేయలేం.

లక్క స్పిరిట్‌లో కూడా కరుగుతుంది. అంటే ఆల్కహాల్ ఉన్న శానిటైజర్, సెంటు, బాడీ స్ప్రే కూడా దానికి పడవు. చేతికి శానిటైజర్ రాసుకుని వెంటనే లక్క నగను పట్టుకోకండి.

అమ్మమ్మల కాలం నగలకు బిల్లుండదు. వాటి బెజ్జంలోకి ఫోన్ టార్చి వేసి చూడండి. లోపల నల్లగానో ముదురు గోధుమరంగుగానో నిండుగా కనిపిస్తే లక్కే. గోటితో తట్టినప్పుడు సన్నగా ఖంగుమంటే బోలు, మొద్దుగా పలికితే లోపల ఏదో ఉన్నట్టు. ఎటూ తేలకపోతే లక్క ఉందనే అనుకోండి.

మూడు కుప్పలు

ఇప్పుడు నగలన్నీ తెల్లగుడ్డ మీద పెట్టి మూడు కుప్పలుగా వేయండి.

మొదటిది కడిగే కుప్ప. గట్టి బంగారు గొలుసులు, రాళ్ళు లేని గాజులు, ఉంగరాలు, ఓపెన్ సెట్టింగ్‌లో ఉన్న వజ్రాలు, కెంపులు, నీలాలు ఇందులోకి వస్తాయి. ఓపెన్ సెట్టింగ్ అవునో కాదో నగను తిరగేస్తే తెలుస్తుంది. రాయి అడుగు కనిపిస్తుంటే ఓపెన్.

రెండోది తుడిచే కుప్ప. లక్క ఉన్నవన్నీ, ముత్యాలు, పగడాలు, పచ్చలు, దారంతో గుచ్చిన నల్లపూసలు ఇక్కడ. పచ్చ గట్టి రాయే కదా అనిపించొచ్చు. కానీ చాలా పచ్చల్లో పుట్టుకతోనే సన్నని పగుళ్ళుంటాయి, అవి కనిపించకుండా నూనె పట్టిస్తారు. వేడినీళ్ళకూ సబ్బుకూ ఆ నూనె పోయిందంటే, అంతవరకు నిర్మలంగా ఉన్న రాయిలో తెల్లటి గీతలు తేలతాయి. షాపుల్లో నగలు కడగడానికి ఉండే అల్ట్రాసోనిక్ మెషిన్‌లో కూడా పచ్చలు వేయనివ్వకండి.

మూడోది పొడి కుప్ప. కుందన్, పచ్చి పని, వెనక రేకు మూసి ఉన్న రాళ్ళ నగలు, జిగురుతో అతికించిన రాళ్ళు, వన్ గ్రామ్ గోల్డ్. కుందన్‌లో రాయి కింద మెరిసే సన్నని రేకు పరుస్తారు, రాయికి వెలుగు అక్కడినుంచే వస్తుంది. అంచులోంచి ఒక్క చుక్క కిందికి దిగినా రేకు నల్లబడి, ఆ ఒక్క రాయి చచ్చిపోయినట్టు కనిపిస్తుంది. వీటికి మెత్తని మేకప్ బ్రష్‌తో దుమ్ము దులపడం, పొడి నూలు గుడ్డతో అద్దడం, అంతే. వన్ గ్రామ్ గోల్డ్ మీద ఉండేది పూత కాబట్టి గట్టిగా రుద్దితే కింది రాగో ఇత్తడో బయటపడుతుంది.

ఒకే నగలో రెండు మూడు రకాలుంటే వాటిలో నాజూకైనదాన్ని బట్టి కుప్ప నిర్ణయించండి. నవరత్నాల ఉంగరంలో వజ్రం ఉన్నా, ముత్యం, పగడం, పచ్చ కూడా ఉన్నాయి కాబట్టి అది తుడిచే కుప్పలోకే. గుత్తపూసల హారం బంగారం ఎంత గట్టిదైనా కింద వేలాడేవి ముత్యాలు.

కడగడం

సింకులో కడగొద్దు. ఊడిన శీల గానీ చిన్న రాయి గానీ తూములోకి పోతే దొరకదు. బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచి, దాని మీద మూడు ప్లాస్టిక్ గిన్నెలు పెట్టుకోండి. స్టీలు గిన్నె నగకు తగిలి గీతలు పడతాయి.

మొదటి గిన్నెలో పావు లీటరు గోరువెచ్చని నీళ్ళు, రెండు మూడు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్. పసిపిల్లల స్నానానికి చూసినట్టు మోచేయి ముంచి చూస్తే హాయిగా ఉండాలి, అంతకంటే వేడి వద్దు. మిగతా రెండింటిలో మామూలు నీళ్ళు. మీది బోరు నీళ్ళయితే మూడో గిన్నెలో తాగే ఫిల్టరు నీళ్ళు పోయండి. ఉప్పు నీళ్ళు ఆరాక గొలుసు సందుల్లో తెల్లగా మిగులుతాయి.

కుంకుడుకాయలతో చేయాలనుకుంటే ఐదు కాయల గింజలు తీసేసి, పావు లీటరు వేడినీళ్ళలో గంట నానబెట్టి, పిసికి, పల్చటి గుడ్డలో వడగట్టి, చల్లారాక వాడండి. వడకట్టకపోతే పిప్పి గొలుసు కడియాల్లో ఇరుక్కుంటుంది. బంగారానికి కుంకుడు రసం చక్కగా పనిచేస్తుంది. ముత్యాలకూ పగడాలకూ మాత్రం వద్దు. అది కొంచెం ఆమ్లగుణం ఉన్న రసం, అవేమో సున్నపు పదార్థం.

నగను పది నిమిషాలు నానబెట్టండి. ఒక్కసారికి ఒక్క నగే. రెండు గొలుసులు కలిపి వేస్తే చిక్కుపడతాయి, వజ్రపు ఉంగరం పక్కనుంటే బంగారం మీద గీతలు పడతాయి. తర్వాత పసిపిల్లల టూత్‌బ్రష్‌తో, కొత్తదైతే మేలు, గొలుసును అరచేతిలో పరుచుకుని నిలువుగా మెల్లగా తోమండి. వజ్రాల కమ్మలైతే ముందువైపు కంటే వెనకవైపు మీద ఎక్కువ శ్రద్ధ పెట్టండి. వజ్రానికి నూనె ఇట్టే అంటుకుంటుంది. తలనూనె, క్రీము, చెవి చెమట రాయి అడుగున పొరకట్టి వెలుగు తగ్గించేస్తాయి. కళ తగ్గిందని షాపుకు తెచ్చే చాలా కమ్మలకు వెనకవైపు తోమితే చాలు.

రెండో గిన్నెలో ఒకసారి, మూడో గిన్నెలో ఒకసారి ముంచి, నూలు గుడ్డ మీద ఆరనివ్వండి. రుద్దకండి, అద్దండి. ఫ్యాను కింద మూడు నాలుగు గంటలుంచాక మళ్ళీ తూచండి. మురికి పోయినందుకు రవ్వంత తగ్గితే అది సహజం. కడగక ముందు కంటే పెరిగితే లోపల నీళ్ళున్నాయి. గట్టి నగ అనుకున్నది బోలుదని అర్థం. బెజ్జం కిందికి ఉండేలా వంచి, బరువు మామూలుకు వచ్చేదాకా ఫ్యాను కింద ఉంచండి. ఎండలో పెట్టొద్దు, వేడిగాలి కొట్టొద్దు. తర్వాత దాన్ని రెండో కుప్పలోకి మార్చి, జాబితాలో రాసుకోండి.

పుస్తెలు

రోజూ ఒంటి మీద ఉండేవి, స్నానంలో కూడా తీయనివి ఇవే కాబట్టి వీటి గురించి కొంచెం విడిగా. పుస్తెలు తీసినప్పుడు మెడ ఖాళీగా ఉంచని ఇళ్ళల్లో పసుపుకొమ్ము కట్టిన దారం ముందే సిద్ధం చేసుకుంటారు. అది ఉంటే పని హడావిడి లేకుండా జరుగుతుంది.

పుస్తె ముందుభాగం ఎప్పుడూ రాపిడికి శుభ్రంగానే ఉంటుంది. మురికంతా దారం దూరే గొట్టంలో, వెనక గుంటలో, గుండ్లకూ పుస్తెకూ మధ్య సందులో గడ్డకడుతుంది. పసుపు, కుంకుమ, చెమట, సబ్బు కలిసిన ఆ గడ్డను పిన్నీసుతో గీకడమే పెద్ద తప్పు. రేకు పలుచన, పిన్నీసు మొన దిగబడి చిల్లు పడుతుంది. ఇయర్‌బడ్‌ను ఒక చుక్క కొబ్బరినూనెలో ముంచి ఆ గడ్డ మీద రాసి పావుగంట వదిలేయండి. మెత్తబడ్డాక చెక్క టూత్‌పిక్‌తో నెట్టేస్తే పొరలుగా వచ్చేస్తుంది. తర్వాత సబ్బునీళ్ళలో ముంచి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి, మామూలు నీళ్ళ తడిగుడ్డతో రెండుసార్లు, పొడిగుడ్డతో ఒకసారి తుడవండి. పుస్తెను నీళ్ళలో ముంచే అవసరం ఎక్కడా రాదు.

ఒంటిసబ్బు వాడితే పసుపు అంటిన చోట గుడ్డకు ఎరుపు దిగుతుంది. బంగారంలోంచి రాగి వస్తోందని కంగారు పడతారు. క్షారం తగిలితే పసుపు ఎర్రబడుతుంది, అంతే. మంచినీళ్ళ గుడ్డతో తుడిస్తే పోతుంది.

నూలు తాడయితే తడిపి మళ్ళీ వేసుకోకండి, కొత్తది మార్చండి. బంగారు తాడయితే పుస్తెల కడియాలు చూడండి. రోజూ రాపిడికి కడియం ఒకవైపు అరిగి, వెంట్రుకంత సన్నబడితే తెగే రోజు దగ్గరపడినట్టే. కంసాలి దగ్గర దాన్ని మార్పించడం చిన్న పని.

ముత్యాలు, పగడాలు

నూలు గుడ్డను మామూలు నీళ్ళలో తడిపి, ఒక్క చుక్క కారకుండా పిండి, ఒక్కో ముత్యాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూ తుడవండి. దండను వేలాడదీస్తే తడి దారం సాగుతుంది కాబట్టి గుడ్డ మీద పరిచి ఒక రాత్రంతా ఆరనివ్వండి. ముత్యాల మధ్య దారం కనిపిస్తున్నా, మురికి రంగు తిరిగినా మళ్ళీ గుచ్చించాలి. హైదరాబాద్ పత్తర్‌గట్టీలో ఇదే పనిగా చేసేవాళ్ళున్నారు. ప్రతి ముత్యం తర్వాత ముడి వేయమని అడగండి. తెగినా ఒక్కటే జారుతుంది, ఒకదానికొకటి రాసుకోవు కూడా.

నిమ్మరసం, చింతపండు, వెనిగర్ వీటి దరిదాపులకు రానివ్వకండి. ముత్యం పైపొర కరిగి మెరుపు పోతే తిరిగి రాదు.

ఇవి వాడొద్దు

టూత్‌పేస్టు, పళ్ళపొడి, బూడిద: వీటిలో ఉండే పొడి 22 క్యారెట్ల బంగారం కంటే గట్టిది. రుద్దినప్పుడల్లా కొంత బంగారం గుడ్డకు పోతుంది, హాల్‌మార్క్ అక్షరాలు కూడా అరుగుతాయి. 22 క్యారెట్ల గుర్తయిన 916 పక్కన ఉండే ఆరక్షరాల హెచ్‌యూఐడీ, అంటే ఆ ఒక్క నగకే ఇచ్చిన గుర్తింపు కోడ్, చాలా సన్నగా చెక్కినది, అమ్మేటప్పుడు అది చదవగలిగేలా ఉండాలి.

బ్లీచింగ్ పౌడరు, ఈతకొలను నీళ్ళు: క్లోరిన్ బంగారంలో కలిపిన ఇతర లోహాలను పట్టుకుంటుంది. 18 క్యారెట్ల వజ్రాల నగల్లో రాయిని పట్టుకునే సన్నని కొక్కీలు పెళుసెక్కి విరుగుతాయి. పగిలిన పాత థర్మామీటరు పాదరసం ఉంగరానికి తగిలితే బంగారం తెల్లబడుతుంది. అది కడిగితే పోదు. ఇంట్లో వేడి చేయడం అసలే వద్దు, ఆ ఆవిరి విషం. ఉంగరాన్ని మూతగట్టి డబ్బాలో పెట్టి, ఏం తగిలిందో కంసాలికి చెప్పి ఇవ్వండి.

ఇంటి ముందుకొచ్చి నగలకు మెరుగు పెడతామనేవాళ్ళ చేతికి మాత్రం ఏదీ ఇవ్వకండి. గిన్నెలో పసుపునీళ్ళంటూ వాళ్ళు వాడేది బంగారాన్ని కరిగించే ద్రవరాజం కావచ్చు. నగ మెరుస్తూనే తిరిగొస్తుంది, బరువు మాత్రం తగ్గుతుంది. కరిగింది వాళ్ళ గిన్నెలో ఉంటుంది.

ఈ వారం పని

మూడు కుప్పలూ వేసి, జాబితాలో ప్రతి నగ పక్కన క, తు, పొ అని రాయండి. తేలనివాటి పక్కన ప్రశ్నార్థకం పెట్టి, కంసాలిని రెండే మాటలు అడగండి: లోపల లక్క ఉందా, రాయి కింద రేకుందా. కడిగే కుప్పలోంచి రాళ్ళు లేని ఒక గొలుసు మీదే మొదట చేయి తిప్పుకోండి. రాళ్ళున్నవాటిని కడిగే ముందు చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఆడించండి. టిక్కుమంటే రాయి వదులైంది, దాన్ని కడగకుండా ముందు బిగింపించండి.

వచ్చే పాఠం వెండి గురించి. అల్యూమినియం ఫాయిల్, వంటసోడా, నల్లబడ్డ పట్టీల జత ఒకటి సిద్ధంగా పెట్టుకోండి. రాళ్ళూ ఎనామిలూ లేని పట్టీలైతేనే పనికొస్తాయి.